‘మీ సొంత పూచీ మీద ఆడండి’: జూదంలో బాధ్యత ఎవరిది, సాయం ఎక్కడ దొరుకుతుంది

టీవీలో క్రికెట్ మ్యాచ్ చూసేవారందరి చెవినా ఒక వాక్యం దాదాపు ఐదేళ్లపాటు పడుతూ వచ్చింది. ఈ ఆటలో ఆర్థిక నష్టానికి ఆస్కారం ఉంది, ఇది వ్యసనంగా మారవచ్చు, దయచేసి బాధ్యతతో, మీ సొంత పూచీ మీద ఆడండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల ప్రకటనలన్నింటిలోనూ ఈ హెచ్చరిక ఉండాలని, చివర దాన్ని మామూలు మాటల వేగంతోనే చదవాలని ప్రకటనల ప్రమాణాల మండలి 2020 డిసెంబరులో నియమం పెట్టింది. ఆ వేగం ఎంత మామూలుగా ఉండేదో విన్నవారికి గుర్తుండే ఉంటుంది.

2025 ఆగస్టులో ఆ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టంతో ఆ ప్రకటనలు తెర మీద నుంచి తప్పుకున్నాయి. అయితే గుంటూరు మిర్చి యార్డు పక్క టీ బంకుల్లోనూ, బెజవాడ ఆటోనగర్ షెడ్లలోనూ ఐపీఎల్ సాయంత్రాల మాటలు వింటే, ప్రకటన పోయినంత తేలిగ్గా పందెం పోలేదని అర్థమవుతుంది. నిషేధం ఉన్న చోట ‘బాధ్యతగా ఆడటం’ అన్న మాటకు అర్థమేమిటి, ఆడి చిక్కుకున్న మనిషి చట్టం దృష్టిలో నేరస్థుడా, రోగా, బాధితుడా అన్న ప్రశ్నలకు జవాబులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. అందుకే మొదటి నుంచి విప్పుకుంటూ రావాలి.

జూదం, పెట్టుబడి, వ్యసనం: మాటలకు హద్దులు

ఫలితం ముందుగా తెలియని దాని మీద డబ్బో, డబ్బు విలువ చేసే వస్తువో పణంగా పెట్టి, గెలిస్తే అంతకు మించి వస్తుందన్న ఆశతో ఆడేది జూదం. పణం, అనిశ్చితి, ప్రతిఫలం అనే మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా అది జూదం కాదు. పండగనాడు ఇంట్లో గవ్వలు వేసుకుంటే ఆట. అదే గవ్వల మీద వంద నోటు పెడితే జూదం. చిట్టీ పాటలో ఎంత తగ్గించి పాడుకోవాలన్న పోటీ ఉంటుంది గానీ, కట్టిన సొమ్ము ఒకరిది మరొకరి పాలు కావడం ఆ పద్ధతిలో లేదు కాబట్టి అది జూదం కిందికి రాదు.

చిక్కు వచ్చేది షేర్ మార్కెట్ ఆప్షన్ల దగ్గర, అంటే ధర ముందుముందు పెరుగుతుందో తగ్గుతుందో అంచనా వేసి చేసుకునే ఒప్పందాల దగ్గర. చట్టం వాటిని జూదంగా చూడదు; కానీ 2021 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో చేయి పెట్టిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ స్వయంగా తేల్చింది. చట్టం గీసిన గీతా, మనసులో జరిగే పనీ ఒకచోట కలవాలని లేదన్న మాట ఇక్కడే గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఈ తేడా మున్ముందు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

ఇక వ్యసనం. మన పెద్దలు చెప్పిన సప్తవ్యసనాల్లో మద్యపానం, జూదం పక్కపక్కనే ఉంటాయి. ఆధునిక వైద్యం అక్కడికి చేరడానికి చాలా కాలం పట్టింది. అమెరికా మనోవైద్యుల సంఘం 1980లో జూదాన్ని మానసిక రుగ్మతల జాబితాలో చేర్చినా, తన ఉద్వేగాన్ని ఆపుకోలేని లక్షణంగానే చూసింది. 2013లో మాత్రమే దాన్ని మద్యం, మత్తుపదార్థాల వ్యసనాలున్న అధ్యాయంలోకి మార్చింది. ఒంట్లోకి ఏ పదార్థమూ వెళ్లకుండానే మెదడు మత్తుకు లోనైనట్టు ప్రవర్తించగలదని ఒప్పుకున్న మొదటి సందర్భం అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల వర్గీకరణలో 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న కూర్పు కూడా ఇదే దారిలో నడిచింది.

నైపుణ్యమా, అదృష్టమా: కోర్టులు గీసిన గీత

మన దేశంలో జూదం మీద చట్టపరమైన వాదనంతా చాలా కాలం ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఆటలో గెలుపు ప్రధానంగా తెలివి మీద ఆధారపడి ఉందా, అదృష్టం మీదా? ఈ చర్చకు మూలమైన కేసు మన రాష్ట్రం పేరుతోనే ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో పేకాట మీద నడిచిన ‘ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సత్యనారాయణ’ కేసులో సుప్రీంకోర్టు, పదమూడు ముక్కల రమ్మీలో పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడానికి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవడానికి గణనీయమైన నైపుణ్యం కావాలని, కాబట్టి అది మూడుముక్కలాట లాంటి కేవల అదృష్ట క్రీడ కాదని చెప్పింది. 1968 నాటి న్యాయ నివేదికల్లో ఉన్న ఈ తీర్పునే న్యాయవాదులు ఇప్పటికీ మొదట ఉదహరిస్తారు. గుర్రప్పందేల విషయంలో 1996లో సుప్రీంకోర్టు ఇదే దారి పట్టింది.

ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974లో వచ్చినప్పుడు అందులో నైపుణ్య క్రీడలకు మినహాయింపు ఉండేది. క్లబ్బులు దాని నీడలోనే నడిచాయి. తర్వాత ఫోన్ వచ్చి క్లబ్బును జేబులోకి తెచ్చింది. 2020 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ వంటి ఆటలను నిషేధిస్తూ, నిర్వహించేవారికి మొదటిసారి ఏడాది, రెండోసారి రెండేళ్లు, ఆడేవారికి ఆరు నెలల వరకు జైలు అని ప్రకటించి ఆ చట్టాన్ని సవరించింది.

కేంద్రం 2025లో చేసిన చట్టం మరో అడుగు ముందుకు వేసి, అసలు నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్ననే పక్కన పెట్టింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించి, 22న రాష్ట్రపతి సంతకం పడిన ఈ చట్టం ప్రకారం, డబ్బు కట్టి డబ్బు వస్తుందని ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమే. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్లు, 50 లక్షలు. చెల్లింపులకు సాయపడేవారికి నడిపేవారితో సమానమైన శిక్ష. ఆడేవారికి మాత్రం ఈ చట్టంలో శిక్ష లేదు. వారిని బాధితులుగా చూస్తున్నామని ప్రభుత్వం పార్లమెంటులోనే చెప్పింది. అంటే ఒకే మనిషి, ఒకే ఫోనులో, ఒకే ఆట ఆడితే రాష్ట్రం సవరించిన చట్టం అతన్ని నేరస్థుడంటోంది, కేంద్ర చట్టం బాధితుడంటోంది. ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్నవాడు సాయం అడగడానికి ఎందుకు జంకుతాడో ఊహించడం కష్టం కాదు.

గుండాట పట్టా, పేకాట టేబులు: రెండు లెక్కలు

చట్టం సంగతి అలా ఉంచి అసలు డబ్బు ఎటు పోతుందో చూద్దాం. సంక్రాంతికి కృష్ణా, గోదావరి జిల్లాల కోడిపందేల బరుల పక్కన గుండాట, కోతాట వెలుస్తాయి. గుండాటలో ఆరు బొమ్మలున్న పట్టా పరిచి, అవే బొమ్మలున్న పాచికలను డబ్బాలో కుదిపి బోర్లిస్తారు. మూడు పాచికలతో, కాసిన బొమ్మ ఎన్ని పాచికల మీద పడితే అన్నింతలు లాభం ఇచ్చే రకాన్ని తీసుకుందాం.

ఆడేవాడి మనసులో లెక్క ఇలా ఉంటుంది: బొమ్మలు ఆరు, పాచికలు మూడు, కాబట్టి సగానికి సగం అవకాశం. వినడానికి సబబుగానే ఉంది గానీ తప్పు. మూడు పాచికలు పడే తీరులు మొత్తం 216. అందులో మనం కాసిన బొమ్మ అసలు పడనివి 125, ఒకసారి పడేవి 75, రెండుసార్లు పడేవి 15, మూడింటి మీదా పడేది ఒకే ఒక్కటి. ప్రతిసారీ పది రూపాయలు కాస్తూ ఆ 216 తీరులూ ఒక్కోసారి పడ్డాయనుకుంటే, పోయేది 1250, వచ్చేది 750, 300, 30 కలిపి 1080. నికరంగా పోయింది 170. కాసిన మొత్తం 2160లో ఇది వందకు దాదాపు ఎనిమిది. పాచికలో మోసం లేకుండా, డబ్బాలో కిటుకు లేకుండా, నిజాయితీగా ఆడించినా ఇంతే. నిమిషానికో డబ్బా బోర్లిస్తే, వంద రూపాయల చొప్పున కాసేవాడికి గంటా నలభై నిమిషాల్లో సగటున 790 రూపాయలు తరుగు. మధ్యమధ్యలో గెలుస్తూనే ఉంటాడు కాబట్టి ఆ తరుగు అతనికి కనబడదు.

ఇది అదృష్టం మీద నడిచే ఆట కాబట్టి ఇలా అయింది, రమ్మీ అలా కాదు కదా అన్న వాదన ఉంది. అదీ చూద్దాం. ఆరుగురు తలా మూడు వేలతో కూర్చున్నారు. టేబుల్ మీద మొత్తం 18,000. ఆటకు తలా వంద. నడిపేవాడు ప్రతి ఆటకూ నూటికి పది చొప్పున 60 రూపాయలు తీసుకుని మిగతా 540 గెలిచినవాడికి ఇస్తాడు. ముప్పై ఆటలు అయ్యేసరికి ఆ ఆరుగురి దగ్గరా కలిపి 1,800 తగ్గుతుంది. ఎవరూ లేవకుండా అలాగే ఆడుతూ పోతే మూడు వందల ఆటలకు ఆ 18,000 మొత్తం నడిపేవాడి పెట్టెలో ఉంటుంది. ఆరుగురిలో ఎవరు ముందు ఖాళీ అవుతారు, ఎవరు చివరి దాకా నిలుస్తారు అన్నది నైపుణ్యం తేలుస్తుంది. టేబుల్ ఖాళీ అవుతుందా లేదా అన్నదాని మీద దానికి పట్టు లేదు. తనకంటే గట్టివాళ్లు కూర్చోని టేబుల్ వెతుక్కోగలిగిన కొద్దిమందికి నిజంగానే లాభం రావచ్చు. ఆ లాభమూ, నడిపేవాడి కోతా రెండూ మిగతావారి జేబుల్లోంచి రావలసిందే. సుప్రీంకోర్టు తేల్చింది ఆట స్వభావం గురించి. ఆడేవాడి ఇంటి పరిస్థితి గురించి కాదు. ఆ తీర్పును ‘రమ్మీ ఆడితే ప్రమాదం లేదు’ అనే అర్థంలో వాడుకోవడమే పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

పోయిన చోటే వెతుక్కోవడం

‘పోయిన చోటే వెతుక్కోవాలి’ అనేది మంచి సామెతే. ఉంగరం పోయినప్పుడు పనికొస్తుంది. జూదంలో మాత్రం మనిషిని ముంచేది సరిగ్గా ఇదే. పోయిన డబ్బును ఆటలోనే రాబట్టాలని ఆడటాన్ని వైద్యులు ఈ రుగ్మతకు ముఖ్యమైన గుర్తుల్లో ఒకటిగా చూస్తారు.

ఊహకు ఒక మనిషిని తీసుకుందాం. గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో గుమాస్తా. నెలకు 22,000 జీతం. ఐపీఎల్ మ్యాచ్ మీద 500 కాశాడు, పోయింది. ఈసారి వెయ్యి కాస్తే పోయిన 500తో పాటు మరో 500 వస్తుందనుకున్నాడు. లెక్క ప్రకారం నిజమే. ఆ వెయ్యీ పోతే రెండు వేలు, తర్వాత నాలుగు, ఎనిమిది, పదహారు. వరసగా ఆరుసార్లు పోతే చేతినుంచి వెళ్లింది 31,500. ఏడోసారి 32,000 కాయాలి. అది గెలిచినా మొత్తం మీద మిగిలేది మొదటి 500 మాత్రమే. బొమ్మా బొరుసూ లాంటి సమాన అవకాశం ఉందనుకున్నా, ఇలా సగటున 64 సార్లు మొదలుపెడితే ఒకసారి ఆరు ఓటములు వరసగా రావడం సహజం. సీజనులో డెబ్బై దాకా మ్యాచులుంటాయి. ఓవరు ఓవరుకూ పందెం కాసేవాడికి ఆ 64 ఎంతసేపు?

ఏడోసారి కాయడానికి డబ్బు ఎక్కడిది? జీతం మొదటి వారంలోనే అయిపోయింది. చిట్టీ ఇంకా పది నెలలుండగానే బాగా తగ్గించి పాడేశాడు. భార్యకు చెప్పింది కొట్టులో సరుకు కొనుగోలుకు ముందుగా కట్టాలని. తర్వాత ఆమె గాజులు ‘పాలిష్‌కి’ వెళ్లి తాకట్టు కొట్టులో తేలాయి. ఇంట్లోవారు చాలాసార్లు జూదాన్ని జూదంగా పసిగట్టలేరు. పాడేసిన చిట్టీ, రాని గాజులు, స్నానాల గదిలోకి కూడా వెంట వెళ్లే ఫోను, అర్ధరాత్రి వచ్చే యూపీఐ మెసేజీల మోత వంటివి విడివిడిగా కనబడతాయి. అన్నీ ఒకే కారణానివని తెలిసేసరికి ఆలస్యం అవుతుంది.

ఇదంతా బుద్ధిలేనితనం అని కొట్టిపారేయడం సులభం. మెదడు పనితీరు ఇందులో చాలా ఉంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు దొరికే బహుమతి, ప్రతిసారీ దొరికే బహుమతి కంటే గట్టిగా అలవాటు చేస్తుందని మనోవిజ్ఞాని స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లోనే తేలింది. ‘ఒక్క ముక్క పడితే షో కొట్టేవాణ్ణి’ అన్న బాధ కూడా ఓటమిలా కాకుండా గెలుపుకు దగ్గరగా వచ్చినట్టు అనిపించి మళ్లీ కూర్చోబెడుతుంది. ఇన్నిసార్లు పోయింది కాబట్టి ఈసారి తప్పక వస్తుందన్న భ్రమ మరొకటి. 1913లో మోంటే కార్లో జూదశాలలో గోళీ వరసగా 26 సార్లు నల్ల గడిలోనే పడింది. ఇక ఎరుపే రావాలని కాసినవారంతా పోగొట్టుకున్నారు. గోళీకి గతం గుర్తుండదు.

సరదా ఎక్కడ ఆగి రుగ్మత ఎక్కడ మొదలవుతుంది

పండక్కి పేకాడే ప్రతివాడూ రోగి కాడు. ఈ మాట స్పష్టంగా చెప్పకపోతే విశ్లేషణ ఉపన్యాసమైపోతుంది. వైద్యులు వాడే 2013 నాటి కొలమానంలో తొమ్మిది లక్షణాలున్నాయి. అదే ఉత్సాహం కోసం పందెం మొత్తం పెంచుకుంటూ పోవడం, తగ్గిద్దామనుకుంటే చిరాకు, ఆపాలని పదేపదే ప్రయత్నించి విఫలం కావడం, ఎప్పుడూ అదే ధ్యాస, దిగులుగా ఉన్నప్పుడు ఆడటం, పోయింది రాబట్టడానికి మర్నాడు మళ్లీ వెళ్లడం, దాచడానికి అబద్ధాలు, దీనివల్ల కాపురమో ఉద్యోగమో చదువో దెబ్బతినడం, ఆర్థికంగా మునిగాక ఇతరుల మీద ఆధారపడటం. ఏడాది కాలంలో వీటిలో నాలుగు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే రుగ్మత అంటారు. ఎనిమిది, తొమ్మిది ఉంటే తీవ్రమైనదిగా లెక్క.

ఎంత డబ్బు పోయిందన్నది ఈ తొమ్మిదింటిలో ఒకటి కాదని గమనించాలి. లక్షలు పోయినా ఆగగలిగినవాడు ఈ కొలమానంలోకి రాకపోవచ్చు. రోజుకు రెండు వందల కూలిడబ్బు కోసం అబద్ధాలాడి, ఆపలేక, భార్యతో పోట్లాడి మళ్లీ వెళ్లేవాడు వస్తాడు. మరో సంగతి చాలామందికి తెలియదు. పార్కిన్‌సన్స్ జబ్బుకు వాడే కొన్ని రకాల మందులు, ముఖ్యంగా ప్రామిపెక్సోల్ వంటివి, కొందరిలో జూదం మీద ఆపుకోలేని కోరికను పుట్టిస్తాయి. జీవితమంతా పేకముక్క ముట్టని పెద్దాయన అరవై ఐదో ఏట లాటరీలు, పందేలు మొదలుపెడితే వారసులు గొడవకు దిగేముందు మందుల చీటీ డాక్టరుకు చూపించడం న్యాయం.

‘బాధ్యతాయుత జూదం’: ఎక్కడ పుట్టింది, ఇక్కడ ఎందుకు అతకలేదు

ఈ పదబంధం జూదానికి లైసెన్సులిచ్చే దేశాల్లో పుట్టింది. అక్కడ దానికి వెనుక కొంత యంత్రాంగం ఉంది. బ్రిటన్‌లో 2018 నుంచి ఉన్న గామ్‌స్టాప్ అనే ఏర్పాటులో పేరు నమోదు చేసుకుంటే, లైసెన్సున్న ఏ ఆన్‌లైన్ జూద సంస్థా ఆరు నెలలో, ఏడాదో, ఐదేళ్లో ఆ మనిషిని ఆడనివ్వకూడదు. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ క్రెడిట్ కార్డుతో జూదమాడటం కుదరదు. కెనడాలో 2021లో వచ్చిన మార్గదర్శకాలు అంకెల్లో చెప్పాయి: పన్నుకు ముందు కుటుంబ నెల ఆదాయంలో ఒక శాతం మించకుండా, నెలలో నాలుగు రోజులకు మించకుండా, రెండు రకాల ఆటలకు మించకుండా ఆడితే నష్టం అవకాశం తక్కువ. మన గుమాస్తా ఇంటి ఆదాయం, భార్య కుట్టుపనితో కలిపి, 30,000 అనుకుంటే అతని హద్దు నెలకు 300 రూపాయలు. సంక్రాంతి బరి దగ్గర అది ఎన్ని నిమిషాలు నిలుస్తుందో ఇందాకటి లెక్కే చెబుతుంది.

ఈ పద్ధతిని సమర్థించేవారి వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. ఆడేవారిలో ఎక్కువమంది హద్దులోనే ఉంటారు. అందరినీ ఆపడం కంటే హద్దు దాటేవారిని గుర్తించి ఆపే పరికరాలు ఇవ్వాలి. నిషేధిస్తే ఆట చీకట్లోకి పోతుంది, అక్కడ ఏ పరికరమూ ఉండదు. విమర్శకుల జవాబు ఏమిటంటే, రాత్రి రెండింటికి ఓడిపోయి ఉన్న మనిషి స్వయంగా పెట్టుకున్న హద్దు అతని చేతిలోనే ఉంటుంది, సంస్థల రాబడిలో పెద్ద వాటా అలాంటి కొద్దిమంది నుంచే వస్తున్నప్పుడు వారిని ఆపడంలో సంస్థకు ఆసక్తి ఉండదు, కాబట్టి బాధ్యత అనే మాట భారాన్ని ఆడేవాడి మీదికి నెట్టే ఏర్పాటు మాత్రమే.

మన నిషేధం మీద కూడా ఇరుపక్షాలున్నాయి. ఆన్‌లైన్ డబ్బు ఆటల వల్ల 45 కోట్ల మంది ఏటా 20,000 కోట్లకు పైగా నష్టపోతున్నారని 2025లో ప్రభుత్వం అంచనా చెప్పింది. భాగించి చూస్తే మనిషికి ఏడాదికి 450 రూపాయల లోపే, సినిమాకు వెళ్లొచ్చినంత. సగటు చెప్పేది ఇంతే. నష్టం అలా సమానంగా పంచుకోబడదు. ఎక్కువమంది వందలు పోగొట్టుకుంటే కొందరు ఇల్లు పోగొట్టుకుంటారు. నిషేధాన్ని సమర్థించేవారు ఆ కొందరిని చూపిస్తారు, వ్యతిరేకించేవారు ఆ ఎక్కువమందిని చూపిస్తారు. ఇద్దరూ ఒకే అంకెను చెరో చివర పట్టుకున్నారు. చట్టాన్ని సవాలు చేసిన పిటిషన్లు వేర్వేరు హైకోర్టుల నుంచి సుప్రీంకోర్టుకు బదిలీ అయ్యాయి.

ఈలోగా నేల మీద జరిగినది మరొకటి. దేశంలోని పెద్ద రమ్మీ, ఫాంటసీ కంపెనీలు డబ్బు ఆటలు ఆపాయి. విదేశాల నుంచి నడిచే సైట్లు, లింకు ద్వారా పంపే యాప్‌లు, టెలిగ్రామ్ గ్రూపులు, బుకీలు మిగిలారు. వీటిలో డబ్బు ఎవరిదో అద్దె ఖాతాలోకి వెళ్తుంది. గెలిచిన సొమ్ము తీసుకోవాలంటే ముందు ‘పన్ను’ కట్టమంటారు. అది కట్టాక సైటు తెరుచుకోదు. ఇది జూదంలో ఓటమి కాదు, మోసం. ఇలాంటివాటికి 1930 సైబర్ నేరాల ఫోను నంబరు ఉంది. ఎంత త్వరగా చెబితే ఖాతాలో డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

అప్పు ముడి

జూదం సమస్య వైద్యుడి గదికి చేరేముందు సాధారణంగా అప్పు రూపంలో గడప తొక్కుతుంది. 2015 డిసెంబరులో బయటపడిన కాల్‌మనీ వ్యవహారం (అధిక వడ్డీకి అప్పిచ్చి వేధించడం) తర్వాత బెజవాడలో వడ్డీ వ్యాపారం ఎంత దూరం వెళ్లగలదో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పది రూపాయల వడ్డీకి లక్ష తెస్తే నెలకు పది వేలు. ఏడాదికి లక్షా ఇరవై వేలు కట్టినా అసలు అలాగే ఉంటుంది.

పందెం బాకీకి చట్టంలో ఒక విచిత్ర స్థానం ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షను ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచినవాడు ఆ సొమ్ము కోసం కోర్టులో దావా వేయలేడు. ఈ సంగతి బుకీలకు బాగా తెలుసు. అందుకే పందెం బాకీని చేబదులుగా చూపిస్తూ ప్రామిసరీ నోటో, ఖాళీ చెక్కో రాయించుకుంటారు. నోటు రాశాక, చెక్కులు, ప్రామిసరీ నోట్లకు వర్తించే 1881 నాటి చట్టం 118వ సెక్షను కింద అది నిజమైన ప్రతిఫలానికే రాసినదని కోర్టు మొదట అనుకుంటుంది. కాదని చూపించవలసిన భారం రాసినవాడిది. కుదురుతుంది గానీ సులభం కాదు. మరోవైపు, జూదంలో పోయింది కదా అని బ్యాంకు రుణమో, తెలిసినవారి దగ్గర తెచ్చిన చేబదులో చెల్లకుండా పోదు. ఈ రెండు రకాల బాకీలను విడదీయకుండా అన్నింటికీ ఒకేలా భయపడటం, లేదా అన్నింటినీ ఒకేలా ఎగ్గొట్టవచ్చనుకోవడం, రెండూ తప్పుదోవలే.

కుటుంబం ఎదుర్కొనే అసలు సందిగ్ధం మరొకటి. పొలం అమ్మో, ఆడపిల్ల కోసం దాచిన బంగారం తీసో ఒక్కసారిగా అప్పు తీర్చేయాలా? తీర్చాలనేవారు వడ్డీ పెరుగుదలనూ, ఇంటి ముందు నిలబడే మనుషులనూ చూపిస్తారు; అది నిజమైన భయం. చికిత్స చేసేవారు మాత్రం, చికిత్స లేకుండా అప్పు మాత్రమే తీరితే అది మనిషికి కొత్త పెట్టుబడిగా మారే ప్రమాదాన్ని చూపిస్తారు. ఇతరుల చేత అప్పు తీర్పించుకోవడం పైన చెప్పిన తొమ్మిది లక్షణాల్లో ఒకటన్నది కూడా గుర్తుంచుకోవాలి. మధ్యేమార్గం అప్పుల పూర్తి జాబితా కాగితం మీద పెట్టి, ఎక్కువ వడ్డీవి ముందు, నేరుగా అప్పిచ్చినవాడికే చెల్లిస్తూ, డబ్బు ఆ మనిషి చేతుల మీదుగా పోకుండా చూడటం. మొదటిసారి రాసిన జాబితాలో అన్నీ ఉంటాయని అనుకోకూడదు. సిగ్గు వల్ల ఒకటి రెండు దాగిపోతాయి, నెల తర్వాత బయటపడతాయి. దాన్ని మళ్లీ ఆడినట్టుగా భావించి విరుచుకుపడే కుటుంబాలున్నాయి.

సాయం ఏ రూపంలో ఉంటుంది

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలిమానస్ సేవ 14416 నంబరులో రేయింబవళ్లు ఉచితంగా, తెలుగులో కూడా అందుతుంది. ఫోను చేయడానికి జబ్బు నిర్ధారణ కానక్కర్లేదు. ఆడేవారే కాక భార్య, తల్లి, అన్న ఎవరైనా చేయవచ్చు. అవసరాన్ని బట్టి సలహాదారు నుంచి మనోవైద్య నిపుణుల దాకా మాట్లాడిస్తారు. నేరుగా వెళ్లాలంటే విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రులు రెండింటిలోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ఫోన్ల వాడకం, ఆన్‌లైన్ ఆటల వ్యసనాల కోసం బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ప్రత్యేక క్లినిక్కు నడుస్తోంది.

పోలీసు భయం గురించి ఒక మాట. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సకు వచ్చిన మనిషి వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇస్తుంది. ఆడానని డాక్టరుతో చెప్పడం ఫిర్యాదుకు సమానం కాదు. అదే చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా పరిగణించాలని, శిక్షించరాదని అంటుంది. అప్పు బయటపడిన రోజూ, ఆ తర్వాతి కొద్ది రోజులూ ప్రమాదం ఎక్కువ. ఆ రోజుల్లో లెక్కలడగడం కంటే మనిషి ఒంటరిగా లేకుండా చూడటం, బతకాలని లేదన్న మాట నోటివెంట వస్తే ఆలస్యం లేకుండా 14416కో, దగ్గరి ఆస్పత్రి అత్యవసర విభాగానికో తెలపడం ముందు జరగవలసిన పనులు.

చికిత్సలో ప్రధానమైనది మాటలతో సాగే ఆలోచనా ప్రవర్తన చికిత్స. ‘ఈసారి తప్పక వస్తుంది’ వంటి నమ్మకాలను లెక్కలతో పరీక్షించడం, ఆడాలన్న తహతహ పుట్టే సందర్భాలను గుర్తించడం, అది దాటే దాకా చేయగలిగిన వేరే పని ఏర్పాటు చేసుకోవడం అందులో భాగాలు. జూదానికంటూ ప్రత్యేకంగా ఆమోదించిన మాత్ర లేదు. మద్యం వ్యసనానికి వాడే నాల్‌ట్రెక్సోన్ కొందరికి ఇస్తారు, దిగులో తాగుడో తోడై ఉంటే వాటికి విడిగా మందులుంటాయి. దీనికి తోడు ఇంట్లో చేసుకునే ఏర్పాట్లు చిన్నవే: జీతం ఖాతా భార్యతో ఉమ్మడిగా మార్చుకోవడం, యూపీఐ రోజువారీ పరిమితిని బ్యాంకులో వందల్లోకి దించుకోవడం, కూరగాయలకూ పెట్రోలుకూ చేతిలో నోట్లుగా ఉంచుకోవడం. లైసెన్సుల దేశాల్లో సంస్థ చేయవలసిన పని ఇక్కడ ఇల్లు చేసుకుంటోందన్న మాట.

మళ్లీ ఆడటం ఈ చికిత్సలో తరచుగా ఎదురయ్యేదే. అది వైఫల్యం కింద రాయరు, ఏ సందర్భంలో జరిగిందో చూసి ఆ సందర్భాన్ని జాబితాలో చేరుస్తారు. ఈ ప్రాంతంలో ఎవరి జాబితా అయినా దాదాపు ఒకే క్యాలెండరులా తయారవుతుంది. మిర్చి సీజనులో కొట్టు దగ్గర చేతికి కమీషన్ అందే రోజులు, జీతం పడే ఒకటో తేదీ, మార్చి చివరి నుంచి ఐపీఎల్ సాయంత్రాలు, భోగికి ముందు రోజు బరుల గురించి వచ్చే ఫోన్లు. మన గుమాస్తా లాంటి మనిషి జనవరి 13, 14, 15 తేదీల్లో ఎక్కడ ఉండాలో డిసెంబరులోనే, ఓపీ గది బయట బల్ల మీద కూర్చుని, భార్యతో మాట్లాడి నిర్ణయించుకోవలసి ఉంటుంది.